బొమ్మను పాదాల నుంచి చూడాలి

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా ముందు ఎప్పుడు చూసినా గుంపే. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి విగ్రహం దగ్గర అందరికీ ఒకటే ఆశ్చర్యం: రాతిలో అంత పల్చటి బట్ట ఎలా వచ్చిందని. బొమ్మలు వేసేవాళ్ల చూపు బట్ట మీద నిలవదు. దాని కింద మోకాలు ఎక్కడుంది, తుంటి ఏ వైపు ఎత్తుగా ఉంది, ఒంటి బరువు ఏ పాదం మోస్తోంది అని వెతుకుతుంది. మనిషిని కదలకుండా నిలబెట్టో, కూర్చోబెట్టో గీసే బొమ్మను ఆర్ట్ కాలేజీల్లో లైఫ్ స్టడీ అంటారు. దాన్ని బేరీజు వేసేటప్పుడూ ఇవే చూడాలి.

మనం ముందు ముఖం చూస్తాం. పోలిక కుదిరితే చాలు, బొమ్మ అద్భుతం అనేస్తాం. నా లెక్కలో ముఖానిది ఆఖరి వంతు.

నిలబడ్డ మనిషి మెడ గుంట నుంచి నేల దాకా ఒక నిలువు గీత ఊహించుకోండి. బరువంతా ఒంటికాలి మీద ఉంటే ఆ గీత ఆ కాలి మడమ దగ్గరికి దిగాలి. దిగలేదంటే బొమ్మలో మనిషి పడిపోబోతున్నట్టే. బరువు మోసే వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి వాలుతుంది. ఈ రెండు వాలులూ పట్టుకోని బొమ్మ కొయ్యబారిపోతుంది. మన శిల్పులు నిలువు గీతను బ్రహ్మసూత్రం అన్నారు. దాన్నుంచి ఒళ్లు తప్పుకునే తీరును బట్టి సమభంగం, ఆభంగం, త్రిభంగం అని పేర్లు పెట్టారు.

వెన్ను ఒక్కటే ఎంత చెప్పగలదో అదే మ్యూజియంలోని జంట కొయ్య విగ్రహం చూపిస్తుంది. ఒకే దుంగలో ముందువైపు దయ్యం మెఫిస్టోఫెలిస్, వెనకవైపు అమాయకురాలు మార్గరెట్టా. అతను విర్రవీగుతూ, ఆమె తల వంచుకుని. ముఖాలు చెరిపేసినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

కూర్చున్న మనిషి దగ్గర చిక్కు వేరు. మనవైపు చాచిన తొడ కంటికి పొట్టిగా కనబడుతుంది. తొడ పొడవెంతో మనకు ముందే తెలుసు కాబట్టి చెయ్యి దాన్ని సాగదీసి గీస్తుంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం 9 రకాల నిలుపులు చెప్పి, ఒళ్లు తిరిగినప్పుడు భాగాలు తగ్గి, పెరిగి కనబడటాన్ని క్షయవృద్ధి అంది. ఇప్పటి విద్యార్థులు ఫోర్‌షార్టనింగ్ అంటారు. దీనికి లాడ్‌బజార్‌ను మించిన తరగతి గది లేదు. లక్కగాజులు చేసేవాళ్లు నిప్పుల ముందు కూర్చుంటే చేతులే ఆడతాయి, ఒళ్లు కదలదు. (అడిగి గీయడం మర్యాద.) డబ్బిచ్చి కూర్చోబెట్టిన మోడల్‌లో తరచూ కనిపించే బిగువు అక్కడ ఉండదు.

పాతబస్తీలో గీసేవాళ్లకు దొరికేది బట్టల్లో ఉన్న ఒళ్లే, అది లోటేమీ కాదు. షేర్వానీ అయినా లుంగీ అయినా ముడతలు భుజం, మోచెయ్యి, మోకాలు లాంటి ఎముక పొడుచుకొచ్చే చోట్ల నుంచే బయల్దేరతాయి. ఎక్కడపడితే అక్కడ ముడతలు గీశారంటే లోపల మనిషి లేనట్టే.

ఇక గీత. అంతటా ఒకే మందంగా నడిచే గీతకు ప్రాణం ఉండదు. ఒళ్లు నేలను నొక్కే చోట బరువెక్కాలి, వెలుగు పడే చోట సన్నబడి మాయమైపోవాలి. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ కలం గీతలు చూసినవాళ్లకు నీడలు రుద్దకుండానే కండ ఎలా తెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. నున్నగా నీడలు రుద్దిన బొమ్మను నేను కాస్త అనుమానంగానే చూస్తాను. తప్పిన గీతను చెరపకుండా పక్కనే సరైనది వేసిన కాగితం మీద నాకు నమ్మకం ఎక్కువ.

రెండు నిమిషాల బొమ్మకూ, రెండు గంటల బొమ్మకూ ఒకే కొలత పనికిరాదు. మొదటిదానిలో ఊపు చాలు. రెండోదానిలో ఎముకల అమరిక అడగాలి. పొడుగాటి పోజులో విరామం తర్వాత మోడల్ మళ్లీ అదే చోట నిలబడేందుకు పాదాల చుట్టూ సుద్దతో గుర్తు పెడతారు. అయినా గంట గడిచేసరికి భుజాలు జారతాయి, తల వాలుతుంది. తల మొదట్లోనూ, నడుము చివర్లోనూ గీసినవాళ్ల కాగితం మీద ఇద్దరు మనుషులు అతుక్కుని కనిపిస్తారు.