ఉద్బోధా? అభ్యాసమా?: యువ ఫుట్‌బాల్ క్రీడాకారుల మానసిక శిక్షణ – 'మైదాన్' చిత్రం ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మానసిక శిక్షణ అనగానే పోటీకి ముందు శిక్షకుడు చేసే ఉద్బోధ గుర్తుకు వస్తుంది. హైదరాబాదీ శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం ఆధారంగా వచ్చిన హిందీ చిత్రం 'మైదాన్' (2024) ఈ భావననే బలపరిచింది. రహీం పద్ధతిలో మానసిక శిక్షణ ప్రసంగంలో కంటే అభ్యాస నియమాలలోనే ఎక్కువగా ఇమిడి ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రహీం, ఫుట్‌బాల్, మానసిక శిక్షణ, అభ్యాసం, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం:
రహీం (1909–1963) వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలల్లో పనిచేశారు. 1950 నుంచి మరణించేవరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ శిక్షణ ఇచ్చారు. 1950–54 మధ్య సిటీ పోలీస్ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇంతటి శిక్షకుని గురించి తెలుగులో విమర్శనాత్మక పరిశీలన జరగవలసి ఉంది.

2. చిత్రం ఎంచుకున్న మార్గం:
అమిత్ శర్మ దర్శకత్వంలో అజయ్ దేవగణ్ రహీంగా నటించిన ఈ చిత్రం 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఎదురైన పరాజయంతో మొదలై, 1962 జకార్తా విజయంతో ముగుస్తుంది. ప్రతిభావంతులను వెతికి తేవడం, అధికారుల కుట్రలు, నాయకుని అనారోగ్యం, తుదిపోరుకు ముందు ఉద్బోధ కథకు స్తంభాలు. ఇది వీరరసానికి అనువైన నిర్మాణం. ఉత్సాహం స్థాయీభావంగా నిలవాలంటే ఉద్దీపన విభావాలు కావాలి. ఆ పనిని ప్రసంగం, నేపథ్యసంగీతం సమర్థంగా నిర్వహించాయి. కళాఖండంగా దీనిని తప్పుపట్టలేము. అయితే రోజూ జరిగే సాధన పాటల వెనుక సాగే దృశ్యమాలికగా కుదించుకుపోయింది. ఫలితంగా, ఆటగాళ్ళ మనసును మార్చింది ఒక రాత్రి చెప్పిన మాటలేనన్న అభిప్రాయం ప్రేక్షకునిలో మిగులుతుంది.

3. రహీం పద్ధతి – అంతరార్థం:
రహీం యువకుల కోసం బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలు, డ్రిబ్లింగ్‌కు తావులేని పోటీలు నిర్వహించారు. వీటిని సాంకేతిక నైపుణ్యానికి సంబంధించినవిగానే సాధారణంగా పేర్కొంటారు. కానీ వీటికి మానసికమైన పార్శ్వం కూడా ఉంది. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో ఆడినప్పుడు తప్పులు తప్పవు. అందరూ తప్పులు చేసే ఆటలో తప్పు అవమానం కాదు. దానిని దాటి మరుక్షణంలోకి వెళ్ళడం అలవాటవుతుంది. డ్రిబ్లింగ్ లేనప్పుడు బంతి అందకముందే తర్వాతి పాస్ ఎటో ఊహించుకోవాలి. నేటి క్రీడా మనోవిజ్ఞానం ఏకాగ్రత, మనోచిత్రణ అని వ్యవహరించే వాటికి ఇది సన్నిహితం. రహీం ఈ పరిభాష వాడారని కాదు. ఇది ఈ వ్యాసకర్త అన్వయం.

1962 తుదిపోరు దీనికి తోడ్పడే ఉదాహరణ. గ్రూపు దశలో 2–0తో ఓడించిన దక్షిణ కొరియాయే మళ్ళీ ప్రత్యర్థి. ఇజ్రాయెల్, తైవాన్‌లను మినహాయించడంపై భారత ప్రతినిధి సోంధీ లేవనెత్తిన అభ్యంతరం వల్ల స్టేడియం మొత్తం భారత్‌కు వ్యతిరేకంగా ఉంది. రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమైన స్థితిలో ఫార్వర్డ్‌గా ఆడి గోల్ చేశారు. పి.కె. బెనర్జీ మరో గోల్ సాధించగా భారత్ 2–1తో గెలిచింది. ప్రసంగం ధైర్యాన్ని ఇవ్వగలదు. కొత్త స్థానంలో ఎలా ఆడాలో నేర్పలేదు.

4. కావ్యహేతువులతో పోలిక:
మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడింటినీ విడివిడి హేతువులుగా కాక, కలిపి ఒకే కావ్యహేతువుగా చెప్పాడు. క్రీడకూ ఈ సూత్రం వర్తిస్తుంది. చిత్రం శక్తిని అన్వేషణ రూపంలో, ఉత్సాహాన్ని ప్రసంగ రూపంలో చూపింది, అభ్యాసాన్ని పలచబరిచింది. ఆధునిక పరిశోధన కూడా ఈ సమన్వయాన్నే సూచిస్తుంది. ఫెల్ట్జ్, లాండర్స్ 1983లో పూర్వ అధ్యయనాలను క్రోడీకరించి, మానసిక సాధన ప్రభావ పరిమాణం సగటున 0.48 అని తేల్చారు. ఏ సాధనా లేకపోవడం కంటే ఇది మేలు. శారీరక సాధనకు మాత్రం ప్రత్యామ్నాయం కాదు.

5. పాతబస్తీ పిల్లలు – పరిశోధకుల భాష:
ఈ చర్చ సినిమాకే పరిమితం కాదు. మానసిక శిక్షణ ఉద్బోధే అయితే, ఓడిన పిల్లవానికి 'ధైర్యం లేదు' అన్న ముద్ర పడుతుంది. తగిన సాధన అందించలేని వ్యవస్థ తప్పించుకుంటుంది. కులీ కుతుబ్ షా స్టేడియం పరిసరాల్లో ఆడుకునే పిల్లలకు ఈ ముద్ర మోయలేని భారం.

పరిశోధకుల బాధ్యత కూడా ఇక్కడే మొదలవుతుంది. క్రీడాపూర్వ మానసిక స్థితిని కొలిచే ప్రశ్నావళులు ఎక్కువగా ఆంగ్లంలో పుట్టినవి. వాటిని తెలుగు చేసేటప్పుడు 'ఆందోళన' అనే మాట వాడితే, పత్రికల భాషకు అలవాటుపడినవారికి ధర్నా, నిరసన స్ఫురిస్తాయి. ఇంట్లో దక్కనీ మాట్లాడే బాలునికి 'ఘబ్‌రాహట్', తెలుగు బాలునికి 'బెదురు', 'తడబాటు' వెంటనే అర్థమవుతాయి. అయినా ఇవన్నీ ఒకే భావానికి పర్యాయపదాలు కావు. బెదురు పోటీకి ముందు కలగవచ్చు. తడబాటు బంతి కాలికి తగిలినప్పుడు కనిపిస్తుంది. ఈ భేదాన్ని విస్మరించిన కొలత పిల్లవాని మనసును కాక, అనువాదకుని నిఘంటువును కొలుస్తుంది.

6. ముగింపు:
• 'మైదాన్' రహీం స్మృతిని జాతీయస్థాయిలో పునరుద్ధరించింది. ఆయన పద్ధతికి మాత్రం తగిన స్థానం ఇవ్వలేదు.
• రహీం దృష్టిలో మనసు, కాలు వేర్వేరు పాఠాలు కావని ఆయన అభ్యాస నియమాలు సూచిస్తున్నాయి.
• యువ క్రీడాకారులపై జరిగే పరిశోధనలు పిల్లల సొంత మాటల నుంచి ప్రశ్నలను రూపొందించుకోవాలి. ఇందులో వ్యాయామ విద్యాశాఖలతో భాషాశాఖలు కలసి పనిచేయడం అవసరం.
• రహీం గొప్ప వక్త కావచ్చు. కానీ ఆయన మొదట ఉపాధ్యాయుడు. పరీక్ష ముందురోజు చెప్పిన ధైర్యవచనాలతో కాక, ఏడాది పొడవునా దిద్దించిన అక్షరాలతో ఉపాధ్యాయుని అంచనా వేయాలి.