ఇంకా కొండమీదేనా మాస్టారూ?

ఏ పెళ్లికెళ్లినా చుట్టాలు అడిగే మాట ఒకటుంది: "ఇంకా ఏజెన్సీలోనేనా? పాయింట్లు బోలెడుంటాయి, దిగిపోవచ్చుగా!" బదిలీల లెక్క వాళ్లకి బాగానే తెలుసు. ఇంటద్దె భత్యం, రోడ్డు చూసి బడులను నాలుగు కేటగిరీలు చేశారు. పట్నం బడిలో ఏడాదికి ఒక పాయింటు, దారిలేని నాలుగో కేటగిరీ బడిలో ఐదు. కొండమీద ఎన్నేళ్లు ఓర్చుకుంటే కౌన్సెలింగ్‌లో అంత ముందు వరస. అంటే, ఉన్నందుకు మా శాఖ ఇచ్చే బహుమానం వెళ్లిపోయే వీలు!

అయినా కొందరు దిగరు. వాళ్లకి సన్మానసభల్లో శాలువా కప్పి త్యాగమూర్తులంటారు. నాకు ఆ పొగడ్త గిట్టదు. త్యాగమనేస్తే, ఆ బడికి రెండో టీచరును ఎందుకివ్వలేదని ఇక ఎవరూ అడగక్కర్లేదు. నేను చూసినంతలో ఉండిపోయినవాళ్లు పని రుచి మరిగినవాళ్లు.

పాడేరు వైపు ఒకటో తరగతి పిల్ల ఇంట్లో కువి మాట్లాడుతుంది, లేదా ఆదివాసీ ఒడియా. తెలుగు సంతలో చెవినపడ్డదే. కొత్త టీచరు బోర్డు మీద 'అ' రాసి 'అమ్మ' అంటాడు. పిల్లలంతా గొంతు కలిపి అంటారు. వచ్చేసిందనుకుంటాడు పాపం. ఎవరు బోర్డు చూసి పలుకుతున్నారు, ఎవరు పక్కపిల్ల పెదవులు చూసి పలుకుతున్నారు అన్నది పసిగట్టడానికే ఏళ్లు పడుతుంది. అదే పిల్ల వారపు సంతలో అమ్మ పక్కన కూర్చుని అడ్డాకుల కట్టలు లెక్కపెట్టి, చిల్లర తప్పు లేకుండా తిరిగిస్తుంది. కాగితం మీద పదులు, ఒకట్లు అంటే మాత్రం బిక్కమొహం. ఆ కట్టల దగ్గర మొదలుపెట్టి కాగితం దాకా నడిపించాలని నాకు ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు. చైత్రంలో ఇటుకల పండగకి బడి ఖాళీ అవుతుందని, తీసివేతలు ఆలోపే ముగించాలని, బడి మానేసిన పిల్లాడి కోసం తండ్రి దగ్గరికి కాదు, నాయనమ్మ దగ్గరికెళ్లాలని కూడా చెప్పలేదు. ఇవన్నీ ఆ ఊళ్లోనే చెల్లే విద్యలు. కొండ దిగితే మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే. దిగబుద్ధి కాకపోవడానికి నాకు కనిపించిన అసలు కారణం ఇదే.

ఉమ్మడి రాష్ట్రంలో కువి, సవర, కోయ, గోండి వంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చారు. మంచి పని. కానీ పుస్తకానికి ఆ భాష పలికే నోరు కావాలి. ఆదిలాబాద్ మార్లవాయిలో 1940లలోనే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించాడు. 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. న్యాయసూత్రం నాకు అర్థమవుతుంది. ఒకటో తరగతి గదికి అర్థమవుతుందా అంటే చెప్పలేను.

వెళ్లిపోయేవాళ్లను తప్పుపట్టను. పిల్లల కాలేజీలుంటాయి, మంచానపడ్డ తల్లిదండ్రులుంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో పాఠం వదిలి, సిగ్నల్ కోసం బండరాయెక్కి హాజరు అప్‌లోడ్ చేసే మనిషికి విసుగు పుట్టకపోతేనే వింత. పిల్లల వల్ల దిగినవాళ్లను నేను ఎరగను. తోడుగా ఒక మనిషి లేక దిగినవాళ్లను చాలామందిని ఎరుగుదును.

ఇక ఎనిమిదేళ్ల నిబంధన. ఒకే బడిలో అన్ని విద్యాసంవత్సరాలు నిండితే బదిలీ తప్పదు. పట్నాల్లో పాతుకుపోయినవాళ్లను కదపడానికి అది సబబే. కొండమీద మాత్రం, పని చేతికొచ్చిన వేళకి మనిషిని లేపేస్తోంది. ఉంటానని రాసిచ్చినవాళ్లను, ఊరు కూడా సరేనంటే, ఉండనివ్వాలి. కుదరదంటారా, వెళ్లేవాడూ వచ్చేవాడూ కనీసం రెండు వారాలు ఒకే గదిలో కలిసి పాఠం చెప్పేలా ఉత్తర్వివ్వండి. నాకు ముందున్న మాస్టారు నాకు అప్పజెప్పినవి తాళంచెవి, హాజరుపట్టీ, బియ్యం స్టాకు రిజిస్టరు. ఏ నాయనమ్మ మాట ఏ ఇంట్లో చెల్లుతుందో చెప్పేలోపే ఆయన బస్సు వచ్చేసింది.