దరువు ఎవరిది?

పీర్ల పండగ రాత్రి గుండం చుట్టూ పలకలు, అంటే డప్పులు, మోగుతుంటే కాళ్ళు ఊరుకోవు. రాగం లేదు, పాట లేదు, ఉన్నదల్లా దరువే. మా అనుమసముద్రంపేట దర్గా గంధానికి వచ్చినవాళ్ళు ఖవ్వాలీ బాగుందనో బాగాలేదనో చెప్పుకుంటారు గానీ పలకల ఊసెత్తరు. నాకు ఫంక్ సంగీతం మీద మోజు పుట్టింది మాత్రం ఆ పలక చలవే.

1965లో ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’, 1967లో ‘కోల్డ్ స్వెట్’. ఈ రెండు పాటలతో గాయకుడు జేమ్స్ బ్రౌన్ అమెరికా సంగీతాన్ని తలకిందులు చేసి ఫంక్‌కి దారి వేశాడు. బాణీని పక్కకు నెట్టి, గిటారు చేతా బాకాల చేతా కూడా తాళమే వేయించాడు. నాలుగు దెబ్బల్లో మొదటిదాని మీద బరువంతా మోపి, మిగతా సందుల్లో వాద్యగాళ్ళని ఆడుకోమన్నాడు. పలక కొట్టేవాళ్ళు చేసేదీ దాదాపు ఇదే. మంటకు కాచి బిగించిన తోలు మీద కుడిచేతి సిర్ర బరువు వేస్తే, ఎడమచేతి చిటికెన పుల్ల సందులు నింపుతుంది. ఫంక్ అక్కణ్ణుంచి నైజీరియాలో ఫెలా కూటీ దగ్గరికి, న్యూయార్క్ హిప్‌హాప్‌లోకి పోయింది. మన దగ్గరికొస్తే, కుర్రతనంలో నెల్లూరు ఎస్పీ బాలు నడిపిన బృందంలో గిటారు పట్టిన ఇళయరాజా, తర్వాత సినిమా పాటల్లో బేస్ గిటారుకి ఎంత చోటిచ్చాడో విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నన్ను వదలనిది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కథ. జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్మర్. చటానూగాలో ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ళ చప్పుడు వింటూ పెరిగినవాడు. 1969లో ‘ఫంకీ డ్రమ్మర్’ రికార్డు చేస్తూ మధ్యలో కొన్ని క్షణాలు ఒంటరిగా వాయించాడు. ఆ ముక్కనే కోసి తెచ్చుకుని, ‘ఫైట్ ది పవర్’ అనే హిప్‌హాప్ పాటతో సహా వెయ్యికి పైగా పాటల్లో అతికించుకున్నారు. పాట మీద రచయితగా పేరు బ్రౌన్‌ది, డబ్బులూ అటే. బాణీకీ మాటలకీ హక్కులున్నాయి గానీ దరువుకి లేవు మరి! స్టబుల్‌ఫీల్డ్‌కి క్యాన్సర్ వస్తే గాయకుడు ప్రిన్స్ దాదాపు 90 వేల డాలర్ల ఆస్పత్రి బిల్లు గుట్టుగా కట్టాడు. ఆ సంగతి కూడా 2016లో ప్రిన్స్ పోయాకే బయటపడింది. మరుసటి ఏడాది స్టబుల్‌ఫీల్డ్ కూడా పోయాడు.

ఇక్కడ మన సంగతేమిటి? మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీ గట్టిచేసింది. పలక కొట్టే మాదిగ పెద్దాయన దరువు సినిమాకెక్కితే అది సంగీత దర్శకుడి ఖాతాలో పడుతుంది. డప్పు కళాకారులకి ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, మంచిదే. కానీ పింఛను వేరు, పేరు వేరు. తిరనాళ్ళ వీడియోలు యూట్యూబ్‌లో పెట్టే తమ్ముళ్ళూ, కెమెరా ఎవరిదో డ్రోన్ ఎవరిదో పేర్లు వేసుకుంటున్నారు కదా. కింద ఇంకో వరస రాయండి, పలకలు కొట్టింది ఎవరెవరో, ఏ ఊరివాళ్ళో.