ఫిన్లాండ్ బడిలో మనకి చెప్పని బెంచీ

ఫిన్లాండ్ చదువుల మీద తెలుగులో ఒక పురాణం తయారైంది. 2001 డిసెంబరులో పీసా అనే అంతర్జాతీయ పరీక్ష మొదటి ఫలితాలు వచ్చి, చదవడంలో ఆ దేశపు పదిహేనేళ్ళ పిల్లలు అందరికంటే ముందున్నారని తేలిన దగ్గర్నుంచీ ఈ పురాణం సాగుతోంది. ఆదివారం అనుబంధాల్లో, టీచర్ల శిక్షణ తరగతుల్లో, కార్పొరేట్ స్కూళ్ళ కరపత్రాల్లో అదే పాట. అక్కడ ఏడేళ్ళొచ్చేదాకా పిల్లల్ని బడికి తరమరట. ర్యాంకులు లేవట. హోంవర్కు నామమాత్రమట. టీచరు కావాలంటే పీజీ చదివుండాలట, డాక్టరుకున్నంత గౌరవమట.

ఇవి అబద్ధాలు కావు. మా అభ్యంతరం వేరే. ఈ పురాణంలో ఒక కాండ మొత్తం ఎగిరిపోయింది. అందులో ఉన్నది బెంచీ సంగతి. ఎవరి పిల్ల పక్కన ఎవరి పిల్ల కూర్చుంటుంది అన్న సంగతి.

1960ల దాకా ఫిన్లాండులో పిల్లలందరూ నాలుగేళ్ళు ఒకే ప్రాథమిక బడిలో చదివేవాళ్ళు. పదకొండో ఏట విడదీసేవాళ్ళు. ప్రవేశ పరీక్ష నెగ్గి, ఫీజు కట్టుకోగలిగిన వాళ్ళు గ్రామర్ స్కూలుకి, అక్కణ్ణుంచి యూనివర్సిటీకి. మిగిలినవాళ్ళు ఇంకొన్నేళ్ళు ఏదో చదివి పొలానికో, అడవి పనికో, ఫ్యాక్టరీకో. పదకొండేళ్ళ పిల్ల బతుకు అక్కడితో రాసిపెట్టేసినట్టే. 1968లో చట్టం చేసి ఆ రెండు దారుల్నీ ఒకటి చేశారు. అందరికీ తొమ్మిదేళ్ళ ఉమ్మడి బడి. 1972లో ఉత్తరాన, వెనకబడ్డ లాప్లండులో మొదలెట్టి, ఏటా కొంత దక్షిణానికి దిగుతూ 1977కి రాజధాని హెల్సింకీ ప్రాంతాన్ని చేరారు. ప్రైవేటు గ్రామర్ స్కూళ్ళని కూడా చాలావరకు మున్సిపాలిటీల వ్యవస్థలోకి లాక్కున్నారు. గొడవ జరక్కపోలేదు. తెలివైన పిల్లలు మందమతుల మధ్య పడి చెడిపోతారన్న వాదన అక్కడా లేచింది. మనకి బాగా తెలిసిన వాదనే. 1990లో మండల్ వ్యతిరేకులు రోడ్డెక్కి 'మెరిట్' అని అరిచింది ఇదే కదా. ఆ వాదనకి కాస్త తలొగ్గి లెక్కల్లోనూ భాషల్లోనూ స్థాయిల వారీ గ్రూపులు కొన్నాళ్ళు ఉంచారు. 1985లో అవీ తీసేశారు. పీసాలో మొదట నిలిచిన పిల్లలు ఆ తర్వాత బడిలో చేరినవాళ్ళు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1966లో కొఠారీ కమిషన్ కూడా ఉమ్మడి పాఠశాల విధానమే కావాలంది. 1968 జాతీయ విద్యా విధానం దానికి సరే అంది. అవును, అదే 1968. వాళ్ళు చట్టం చేసిన ఏడాదే మనం తీర్మానం రాసుకున్నాం. తర్వాత ఏం జరిగిందో తెలుసుకోడానికి రిపోర్టులు తిరగెయ్యక్కర్లేదు. పొద్దున్న ఎనిమిదింటికి మలికిపురం సెంటర్లో నిలబడితే చాలు. గూడపల్లి నుంచీ, లక్కవరం నుంచీ, కేశనపల్లి నుంచీ వచ్చే పిల్లలు ఫీజుని బట్టి బస్సెక్కుతారు. కొబ్బరితోట ఉన్న ఇంటి పిల్లాడు ఒక బస్సు, దింపు పనికీ వలుపు పనికీ వెళ్ళేవాళ్ళ పిల్లాడు నడక. మధ్యలో ఇంకో రకం ఉన్నారు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పనిచేస్తున్న తల్లి పంపిన డబ్బుతో చిన్న కాన్వెంటు వ్యాను ఎక్కే పేట పిల్లలు. ఆ తల్లి పరాయి దేశంలో పరాయి పిల్లల్ని సాకి, తన పిల్లకి ఇక్కడొక బెంచీ కొంటోంది. ఫిన్లాండ్ ఉమ్మడి బడిలో ఫీజు వసూలు చెయ్యడానికి వీల్లేదన్న ముక్క ఆమెకి ఏ కరపత్రమూ చెప్పదు. చెబితే ఆ కరపత్రం అచ్చేసిన స్కూలు మూసుకోవాలి మరి!

యూరపు చదువు మన పేటలకి కొత్త కాదు. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీలు నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పనిచేశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు కూలికెళ్ళిన మాలమాదిగల్లో చాలామందికి వాళ్ళ మాట చేరింది, దాని వెనకే అక్షరమూ చేరింది. పక్కనున్న మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశాడు. పాలేరు చదువుకుని పైకి రావడం దాని కథ. ఆ కథలో ఉన్నది ఒక మనిషి ఎదుగుదల. కమతం మీద మిగిలిపోయిన పాలేర్లందరి పిల్లలూ ఆసామి పిల్లల పక్కన కూర్చోవడం ఇంకో రకం కథ, దాన్ని రాయాల్సింది ప్రభుత్వం. రాయలేదు.

మాతృభాషా వాదులకి కూడా ఫిన్లాండ్ బాగా పనికొస్తుంది. 2019 నవంబరులో మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు 'అభివృద్ధి చెందిన దేశాలన్నీ సొంత భాషలోనే చదువుతాయి' అన్నారు. నిజమే, ఫిన్లాండ్ పిల్లలు ఫిన్నిష్‌లో చదువుతారు. అయితే ఆ భాష చరిత్ర చూడాలి. 1809 దాకా ఆ దేశం స్వీడన్ కింద ఉంది. అధికారుల భాష, పండితుల భాష, పెద్దింటి భాష స్వీడిష్. ఫిన్నిష్ రైతుకూలీల భాష. 1858లో గానీ ఫిన్నిష్‌లో పాఠం చెప్పే మొదటి హైస్కూలు పుట్టలేదు. అక్కడ కింది వాళ్ళ భాష పైకెక్కి బడినీ కోర్టునీ పట్టుకుంది. పెద్దింటి వాళ్ళు కూడా దాన్ని నేర్చుకోక తప్పలేదు. ఇక్కడ? తెలుగు మీడియం గొప్పదని రాసేవాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారని మేం అడుగుతున్నాం. అడిగితే వ్యక్తిగత విమర్శ అంటారు. ఆ పాఠ్యపుస్తకాల తెలుగు కూడా మన పేటలో మాట్లాడేది కాదన్న సంగతి వేరే. ఇంకోటి, ఫిన్లాండ్ పిల్ల సొంత భాషతో పాటు స్వీడిషూ ఇంగ్లీషూ కూడా గట్టిగా నేర్చుకుని బయటికొస్తుంది. ఆ సగాన్ని మనవాళ్ళు తెలుగులోకి తేవడం మర్చిపోతారు. ఆసామి కొడుకూ పాలేరు కొడుకూ ఒకే బడిలో తెలుగులో చదివే రోజు వస్తే మేం దానికి అడ్డం చెప్పం. అప్పటిదాకా ఇంగ్లీషు మా పిల్లలకి మాత్రమే వద్దనే హక్కు ఎవరికీ లేదు.

బడికి ముందు భూమి సంగతి ఉంది. 1918లో ఫిన్లాండులో అంతర్యుద్ధం జరిగింది. భూమి లేనివాళ్ళూ, కౌలుదార్లూ, ఫ్యాక్టరీ కూలీలూ ఒక పక్క. ఓడిపోయారు. వేలమంది జైలు శిబిరాల్లో చచ్చిపోయారు. అయినా అదే ఏడాది కౌలుదార్లు తాము దున్నే చెక్కని కొనుక్కోడానికి చట్టం వచ్చింది. 1921లో నిర్బంధ విద్య చట్టం, 1922లో భూమి లేనివాళ్ళకి భూమి ఇప్పించే చట్టం. భూమి కదిలిన యాభై ఏళ్ళకి బెంచీ కదిలింది. మనకి 1973లో భూపరిమితి చట్టం వచ్చింది, కోనసీమ కొబ్బరితోటలు ఎవరి చేతుల్లో ఉన్నాయో పాఠకులకి మేం చెప్పక్కర్లేదు. గెలిచినవాళ్ళు కూడా ఓడినవాళ్ళకి భయపడి ఇచ్చిన చరిత్ర అది. సౌమ్యమైన టీచర్ల కథగా దాన్ని చెప్పుకోవడం మాకు మింగుడు పడదు.

అన్నం దగ్గరికొద్దాం. బడిలో పిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టాలని ఫిన్లాండ్ 1943లో, యుద్ధం మధ్యలో చట్టం చేసి 1948 నుంచి అమలుచేసింది. మేనేజరు కూతురూ ఊడ్చేవాడి కూతురూ అదే గిన్నెలోంచి తింటారు. మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. 2024లో దానికి కోనసీమకే చెందిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వచ్చినవాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి అని చెప్పుకుంటారు, పేరు మీద మాకు తగాదా లేదు. కానీ ఆ అన్నం ఇప్పుడు ఎవరు తింటున్నారు? ఊళ్ళో తోట ఉన్నవాళ్ళ పిల్లలు ఆ బడి వదిలి ఎప్పుడో వెళ్ళిపోయారు. పంక్తి ఒకటే, అందులో ఊరు లేదు, పేట మాత్రమే ఉంది. సహపంక్తి భోజనం అన్నమాటకి ఇంతకంటే వెటకారం ఉండదు.

ఫిన్లాండుని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టే ఉద్దేశం మాకు లేదు. ఉత్తరాన ఉండే సామీ అనే ఆదివాసుల పిల్లల్ని యుద్ధం తర్వాత దూరపు హాస్టళ్ళలో పెట్టి ఫిన్నిష్ మాత్రమే నేర్పారు. ఆ పిల్లలు ఇంటికొచ్చి అవ్వతో మాట్లాడలేకపోయారు. ఆ గాయం లెక్క తీయడానికి 2021లో గానీ సత్యశోధన కమిషన్ వెయ్యలేదు. 2006లో లెక్కల్లో 548 ఉన్న పీసా మార్కు 2022కి 484కి పడింది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు బాగా వెనకబడ్డారు. హెల్సింకీలో బళ్ళు మళ్ళీ పేటల వారీగా విడిపోతున్నాయని అక్కడి పరిశోధకులే రాస్తున్నారు. బెంచీ ఒకసారి కలిపితే కలిసే ఉంటుందన్న హామీ లేదు.

ఇక మన దగ్గర 'సంస్కరణ' ఎలా నడుస్తోందో చూడండి. 2022లో 117 నంబరు జీవోతో ఊరి బళ్ళలోని మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించారు. 2025లో ఆ జీవో రద్దుచేసి ప్రభుత్వ బళ్ళని తొమ్మిది రకాలుగా పంచారు. తొమ్మిది! ఇవి కాక ఎస్సీలకో గురుకులం, ఎస్టీలకో గురుకులం, బీసీలకో గురుకులం. గురుకులాన్ని మేం తక్కువ చెయ్యం. పేట నుంచి యూనివర్సిటీకి వెళ్ళిన మా తరం చాలామందికి అదే మెట్టు. దాన్ని ఎవరైనా మూస్తామంటే అడ్డం పడుకుంటాం. కానీ అక్కడ మన పిల్ల పక్కన కూర్చునేది మళ్ళీ మన పిల్లే. కులం చదువుకోలేదు, మనమే చదువుకున్నాం. చదువుకోని ఆ కులం ఏం చేస్తుందో 2022 మే 24న అమలాపురంలో చూశాం. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడుతున్నారన్నందుకు మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఆ రోజు రోడ్డు మీదున్న కుర్రాళ్ళలో చదువు లేనివాళ్ళు ఎంతమంది? ఎక్కువమంది ఏదో ఒక బస్సెక్కి బడికెళ్ళి వచ్చినవాళ్ళే. ఏ బెంచీ మీదా దళిత కుర్రాడి పక్కన పదేళ్ళు కూర్చోనివాళ్ళు.

చేతిలో ఉన్న చట్టాలు రెండు మాటల్లో చెప్తాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు స్కూళ్ళు ఒకటో తరగతిలో పాతిక శాతం సీట్లు బీద పిల్లలకి ఇవ్వాలి. చట్టం 2009ది, మన రాష్ట్రంలో ఆ సీట్ల భర్తీ 2022-23లో గానీ కదల్లేదు. అందులో ఎస్సీలకి పది శాతం. ఇక 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళందరూ తమ పిల్లల్ని ప్రభుత్వ బడికే పంపాలని ఉత్తర్వు ఇచ్చింది. అది అమలు కాలేదు. మలికిపురం మండలంలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులు ఈ జూన్‌లో అడ్మిషన్ రిజిస్టర్లు తెరిచినప్పుడు రెండు లెక్కలు తీసి మాకు పంపాలని కోరుతున్నాం. ప్రైవేటు స్కూళ్ళలో ఆ పది శాతం సీట్లలో ఎన్ని నిండాయి, ఏ పేట పిల్లలతో నిండాయి. మీ బడిలో పాఠం చెప్పేవాళ్ళ పిల్లలు మీ బడిలో ఎందరున్నారు.