మాగని ఎరువు

సోమవారం పొద్దున మేడ మీద రెండు ప్రోట్రేల ముందు కూర్చుని మొలకలు లెక్కపెట్టాను. ఒక్కోదానికి 98 గుంతలు. రెంటిలోనూ ఒకే పొట్లంలోని మిరప గింజలే, ఒకే రోజు పెట్టినవి. కొన్న కోకోపీట్ నింపినదాంట్లో 91 మొలిచాయి. వంటింటి చెత్తతో నేనే చేసిన కంపోస్టు నింపినదాంట్లో 38. వాటిలోనూ సగానికి ఆకుల అంచులు మాడిపోయాయి.

ఈ కాలమ్ చదివేవాళ్లకు కోకోపీట్ మీద నా కోపం కొత్త కాదు. తొక్కలూ తొడిమలూ చెత్తబండికిచ్చి, నారు కోసం కొబ్బరిపొట్టు ఇటుకలు కొనుక్కోవడమేమిటని ఎన్ని వారాలు రాశానో. సోమవారం దాకా ఆ మాట మీదే ఉన్నాను. కానీ 38 అన్న అంకె వారమంతా నన్ను వదల్లేదు. దాంతోపాటు నానమ్మ గుర్తొస్తూనే ఉంది.

ఆరుద్ర కార్తె వస్తే నానమ్మ పెరట్లో మిరపనారు పోసేది. కొట్టం వెనక ఎప్పుడూ రెండు దిబ్బలుండేవి. ఒకటి ఈ ఏటిది, ఒకటి పోయినేటిది. పేడ, కొట్టం ఊడ్చిన గడ్డి, పొయ్యిలో బూడిద, కూరగాయల చెత్త, అన్నీ కొత్త దిబ్బ మీదికే. నారుమడికి మాత్రం పాత దిబ్బే, అదీ అడుగునున్న నల్లటి ఎరువే. గుప్పిట్లో పిండి, వేళ్లు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకునేది. తొలకరికి తడిసిన మట్టి వాసన రావాలి. పేడ వాసన ఏమాత్రం తగిలినా గంప పక్కన పెట్టేసేది. ఒకసారి తొందరపడి నేను కొత్త దిబ్బలోంచి రెండు దోసిళ్లు తెచ్చి మడిలో పోశాను. “ఒరే అబ్బాయ్, ఇది ఇంకా మాగలేదురా. గింజకి వేడి తగుల్తుంది” అంటూ పోసిందంతా ఎత్తించింది.

జల్లెడ పట్టిన ఎరువు కూడా మడి మొత్తానికి రెండు గంపలే. మిగతాదంతా మట్టి. ఇంకో గంప వెయ్యమంటే, “మొలిచేదాకా దాని తిండి దాని కడుపులోనే ఉందిగా” అనేది. వేలితో గీతలు గీసి, గింజలు పలచగా చల్లి, చీమలు ఎత్తుకుపోకుండా మడి చుట్టూ బూడిద పోసి, పైన వరిగడ్డి కప్పేది. మొలక కనిపించిన సాయంత్రం ఎండ తగ్గాక గడ్డి తీసేది. ఆ పని ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు.

మామిడికాయకీ ఎరువుకీ మనవాళ్లు ఒకే మాట వాడారు: మాగడం. నా కంపోస్టు వయసు 45 రోజులు. పైకి నల్లగానే ఉంది. డ్రమ్ము అడుగున చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. అంటే సూక్ష్మజీవుల పని పూర్తికాలేదు. అలాంటి ఎరువులో అమ్మోనియా ఉంటుంది, సేంద్రియ ఆమ్లాలుంటాయి, లేత వేరు తట్టుకోలేదు. ఉప్పు సంగతి నేను అసలు ఆలోచించనే లేదు. మిగిలిన చారు, పప్పు, ఆవకాయ జాడీ అడుగు కూడా అందులోకే పోయాయి. ఎరువులో లవణాలెక్కువైతే పక్కన తడి ఉన్నా గింజ పీల్చుకోలేదు. పైగా మట్టి కలపకుండా ట్రే అంతా కంపోస్టే నింపాను.

ఇక కోకోపీట్. పేరులో పీట్ ఉందిగానీ వస్తువులో లేదు. అసలు పీట్ ఐర్లండ్, బాల్టిక్ దేశాల్లాంటి చల్లటి చిత్తడి నేలల్లో నాచు పూర్తిగా కుళ్లకుండా పేరుకుని తయారయ్యేది. ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు. యూరప్ కూరగాయల నర్సరీలు దశాబ్దాలుగా దాని మీదే నడిచాయి. తవ్విన నేల వేల ఏళ్లు దాచుకున్న కర్బనాన్ని గాలిలోకి వదిలేస్తుంది. అందుకే అక్కడివాళ్లు ఇప్పుడు కంపోస్టు వైపూ, మన కొబ్బరిపొట్టు వైపూ చూస్తున్నారు.

ఆ పొట్టు కూడా చెత్తేనన్న సంగతి ఇన్నాళ్లూ నేను పక్కన పెట్టాను. పీచు తీశాక ఎవరికీ అక్కర్లేక గుట్టలుగా పడి ఉండేది అదే. దాన్నీ పచ్చిగా వాడితే దెబ్బే. ఉప్పు పోయేదాకా కడగాలి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పద్ధతిలోనైతే టన్ను పొట్టుకి 5 కిలోల యూరియా, 5 సీసాల ముత్యపుచిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి మాగబెడతారు. నెల తిరిగేసరికి నత్రజనికి వంద రెట్లకు పైన ఉన్న కర్బనం 24 రెట్ల దగ్గరికి దిగుతుంది.

కాబట్టి కోకోపీట్ మీద ఇన్నాళ్లూ నేను పెట్టుకున్న తగాదా తప్పు. కొన్నదా, ఇంట్లో చేసిందా అన్నది గింజకు పట్టదు. మాగిందా లేదా అన్నదే పడుతుంది. కోకోపీట్‌లో మొక్కకు తిండి దాదాపు లేదు, అందుకే నర్సరీలు 19:19:19 ఎరువు నీళ్లలో కలిపి పోస్తాయి. ఆ తిండి మాగిన కంపోస్టులో ఉంది. రెండు పాళ్లు కడిగిన పొట్టు, ఒక పాలు పోయినేటి కంపోస్టు: ఇకనుంచి నా ట్రేలు ఇలాగే నింపుతాను.

మీ డ్రమ్ములోది మాగిందో లేదో తెలియాలంటే ఒక గిన్నెలో ఆ ఎరువు, ఇంకో గిన్నెలో మామూలు మట్టి పోసి, రెంటిలో ఇరవయ్యేసి ఆవాలు చల్లండి. వారంలో రెండూ సమానంగా మొలవాలి. మొలవకపోతే మూత పెట్టి, దాని మీద ఈ రోజు తేదీ రాసి, వచ్చే ఆరుద్ర దాకా ఆగండి. ఊరగాయ అడుగు మాత్రం అందులో వెయ్యకండి.