బొటనవేలంత ముఖచిత్రం

సూరత్ నగరంలోని గోడాదరాలో మగ్గాలను నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చీర అమ్మకపు కిటుకు తెలియనిది కాదు. చీరంతా విప్పి చూపేది తరువాతి మాట. ముందు చూపు నిలిచేది మడతపైకి తీసిన కొంగు మీదనే. స్వతంత్ర నిర్మాతలు రూపొందించే పాత్రపోషణ వీడియో క్రీడకు అంగడి ముఖచిత్రం అటువంటి కొంగు. అది ఆకట్టుకోకపోతే ఏళ్ల శ్రమ విప్పకుండానే పక్కకు పోతుంది.

స్టీమ్ విపణిలో ఈ చిత్రం కొన్నిచోట్ల 120×45 చుక్కలకు కుదించుకుపోతుంది. అందులో కోటను, సేనను, రాక్షసుని, మేఘాలను కుక్కితే మిగిలేది మసక. 2022 సెప్టెంబరు నుండి ముఖచిత్రంపై పురస్కారాలు, సమీక్షల ప్రశంసలు, రాయితీ ప్రకటనలు కూడదన్నారు. ఇక చిత్రమూ, పేరూ తప్ప వేరే ఆసరా లేదు. ఈ నియమం మంచిదేనని నా అభిప్రాయం.

ఈ విద్య మనకు కొత్త కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో ముఖం తరచు పక్కవాటుగా, కన్ను పెద్దదిగా ఉంటుంది. చివరి వరుసలో కూర్చున్నవాడు సైతం ఆకారం చూసే హనుమంతుని పోల్చుకుంటాడు. పుణె నగరానికి చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ 2020లో వెలువరించిన 'రాజీ' (అది సాహసక్రీడ, పాత్రపోషణ క్రీడ కాదు) కథాఘట్టాలను నీడబొమ్మల పద్ధతిలో చెప్పింది. ఆ పద్ధతిని కేవలం అలంకారంగా కాక, దూరం నుండి పోల్చుకొనే ఆకారంగా ముఖచిత్రానికి తేవాలి.

తెలుగు లిపిలో పేరు వేసేవారికి మరొక చిక్కు ఉంది. ఒత్తులు, గుడులు చిన్న పరిమాణంలో కలిసిపోతాయి. అక్షరాన్ని లావు చేస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి. పేరు పొట్టిగా ఉండటం మేలు, ఒత్తులు లేని పేరైతే మరీ మేలు.