పదునైందా?

ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం వైపు పోతుంటే అంతా ఫ్యాక్టరీ షెడ్లు, కిరాయి గదుల వరుసలు. అయినా తొలకరి పడ్డ మర్నాడు ఇక్కడి పాత రైతులు ఒకరినొకరు అడిగేది "పదునైందా?" అనే. "బెత్తెడైంది, గింజ ఏసుకోవచ్చు" అనో, "ఇంకో వాన పడాలె" అనో జవాబు.

నీళ్లు నిలిచిన మడిలోనూ తడి ఉంటుంది, దాన్నెవరూ పదును అనరు. నాగలికి అంటుకోకుండా, పెళ్లలు లేవకుండా మట్టి విడివడితే అది పదును. గుప్పెడు మట్టి పిడికిట్లో బిగిస్తే ఉండ కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. జిగురుగా అంటితే ఆగాలి. ఉండే కట్టకపోతే పదును ఆరిపోయినట్టు.

ఎర్రమట్టి చెల్కలో వాన వెలిసిన తెల్లారే గొర్రు కట్టొచ్చు, కాకపోతే పదును తొందరగా ఆరుతుంది. నల్లరేగడి మొండిది. అందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది. తడిలో ఎడ్లు దిగబడతాయి, ఎండలో నాగలి దిగదు. మధ్యన దొరికే పదును కొద్ది రోజులే, ముసురు పట్టిందంటే అదీ లేదు. అందుకే చాలామంది వానకాలం రేగడిని పడావు పెట్టి యాసంగికే జొన్నో శెనగో వేసేవారు. 1972లో పటాన్‌చెరు దగ్గర పెట్టిన ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ ఆవరణలో ఈ రెండు నేలలూ ఉన్నాయి. రేగడికి అక్కడి శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయం నాకెంతో ఇష్టం. యాసంగి పంట కోయగానే మిగిలిన పదునులో దున్నిపెట్టాలి. వెడల్పాటి మట్టి కట్టలు పోసి, నడుమ కాలువల్లో ఎక్కువైన నీటిని పోనివ్వాలి. తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తాలి. అప్పుడు గింజే నేలలో పదును కోసం కాచుకుంటుంది.

ఇప్పుడు మా ఊరి డాబాల మీద పెయింట్ డబ్బాల్లో టమాట, మిరప, మెంతి పెరుగుతున్నాయి. డ్యూటీకి పోయేముందు రోజూ మగ్గెడు నీళ్లు పోయడం చాలామందికి అలవాటు. పైమట్టి ఎండినా అడుగున బురదే ఉంటే వేళ్లకు గాలాడదు, ఆకులు పసుపెక్కి వాడతాయి. వాడింది కదా అని మళ్లీ నీళ్లు పోస్తారు. నా దగ్గరికి వచ్చి అడిగే ప్రతివారికీ నేను చెప్పేది ఇదే: మగ్గు ముంచే ముందు వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి. చల్లగా తగిలితే ఆ పూట నీళ్లు వద్దు. డబ్బా అడుగున బెజ్జాలు లేకపోతే మాత్రం ముందు మేకు, సుత్తి తీసుకోండి. నీరు దిగే దారి లేని మట్టిలో పదును కుదరదు.